ఇంజిన్ కంటే ముందే కదిలిన కాలు

ఆ హాల్లో ఉన్న విమానం ఎప్పుడూ ఎగరలేదు, ఎగరదు కూడా. ముక్కు తప్ప మొండెం లేకుండా ఇనప కాళ్ల మీద నిలబడి, లోపల కూర్చున్నవాళ్లకి మాత్రం ఆకాశాన్నీ, రన్‌వేనీ, ముచ్చెమటల్నీ చూపిస్తుంది. అది ఎగరకపోయినా లోపల మాస్టారు ఎగిరిపడుతూ ఉంటారు కాబట్టి లెక్క సరిపోతుంది.

మాస్టారంటే ఈ ఉత్తుత్తి విమానంలో కూర్చోబెట్టి, రేపు ప్రయాణికుల్ని మోయబోయే పిల్ల పైలట్లకి పని నేర్పే కెప్టెన్. నెత్తి మధ్య జుట్టంతా పోయి రన్‌వేలా నున్నగా మెరుస్తుంటే, రెండు పక్కలా మాత్రం కాస్త గడ్డి మిగిలింది. నోరు పెద్దది. నవ్వు ఇంకా పెద్దది. వెనకాల కుర్రాళ్లు తనని 'ఎడమ మాస్టారు' అంటారని ఆయనకి తెలుసు. ఎడమ చేత్తో రాస్తాను కదా, అందుకే అంటున్నారనుకుని, "ఎడమ చేతివాటమే బాబూ, నాకు వేరే చేతివాటం లేదు!" అని తనే ముందు నవ్వేవారు.

ఆ రోజు పొద్దున కూడా అదే పాఠం. విమానం పరిగెడుతుంది. ఒక వేగం దాటాక ఇక ఆగడానికి రన్‌వే చాలదు, పైకి లేవడం ఒక్కటే దారి. సరిగ్గా అక్కడ, వెనక సీట్లోంచి మాస్టారు తెర మీద వేలు పెట్టి ఒక ఇంజిన్ ఆపేస్తారు. ఎడమది ఆగితే ముక్కు ఎడమకి లాగుతుంది. అప్పుడు కుడికాలితో పెడల్ తొక్కి, తిన్నగా పట్టుకుని, మిగిలిన ఒక్క ఇంజిన్‌తో లేవాలి.

"ఎంత తొక్కాలి సార్?" అని ఎవరో ఒకరు ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు.

"ముక్కు తిన్నగా ఉండేంత! ఎక్కువ తొక్కితే అటు పోతుంది, తక్కువ తొక్కితే ఇటు పోతుంది, అసలు తొక్కకపోతే అందరం పోతాం."

ముందు చిరుత వంతు. అసలు పేరు వేరే ఉంది గానీ వాడి చురుకు చూసి మాస్టారే పెట్టిన పేరది. మాస్టారి వేలు తెర మీద పడిందో లేదో చిరుత కుడికాలు పెడల్ మీద పడింది. రన్‌వే మధ్యగీత ముక్కు కిందనుంచి పక్కకి జరగనే లేదు. వెన్నలో కత్తి దిగినట్టు విమానం గాల్లోకి లేచింది.

"అదీ కాలంటే! నీది కాలు కాదురా, కాలజ్ఞానం!"

తర్వాత అమ్మాయి వంతు. ఆమెకీ మాస్టారే పేరు పెట్టారు, నిమ్మళం అని. కుర్చీ సర్దుకోవడం నిమ్మళం, బెల్టు బిగించుకోవడం నిమ్మళం, మాట్లాడటం అంతకన్నా నిమ్మళం. ఎడమ పక్క సీట్లో చిరుత ఆమెకి తోడు కూర్చుని వేగం చదువుతున్నాడు. ఆగే వేగం దాటింది. మాస్టారి వేలు పడింది. ముక్కు ఎడమకి తిరిగింది. ఒక్క ఊపిరి. అప్పుడు దిగింది ఆమె కుడికాలు. మధ్యగీత నుంచి జరిగిన విమానం మెల్లగా దారికొచ్చి, ఒక రెక్క కాస్త వంచి, లేచింది.

"అమ్మాయ్, ఇంజిన్ పోయిందని నీకు శుభలేఖ పంపాలా?"

"చూస్తున్నాను సార్."

"ఏం చూస్తున్నావ్?"

"ఎటు పోతోందోనని."

"అది ఎటు పోతోందో చూస్తూ కూర్చుంటే మనం ఎటు పోతామో తెలుసా?"

ఆమె తెలుసన్నట్టు తలూపింది. మెడ మీద చెమట తుడుచుకుంది. మాస్టారు ఆమె పేరు ఎదురుగా 'నిదానం' అని నమోదు చేశారు. అలా రాయడం అది రెండోసారి. మూడోసారి కూడా అదే మాట పడితే ఆ అమ్మాయి పెట్టె సర్దుకోవాలి. ఇక్కడి రూలు అది.

దిగుతుంటే, యంత్రం చూసుకునే మెకానిక్ మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "మాస్టారూ, మీ సీటు కింద కార్పెట్ మళ్లీ చిరిగింది. కుడికాలి కిందే చిరుగుతోంది, ఎడమ పక్క కొత్తగానే ఉంటోంది. ఏం చేస్తారండీ అక్కడ మీరు?"

"డాన్సు!" అన్నారు మాస్టారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

కాఫీ మెషిన్ దగ్గర గోడవైపు తిరిగి నిమ్మళం ఫోన్లో మాట్లాడుతోంది. "లేదక్కా... ఇంకొక్కటి ఉంది. బావకి ఇప్పుడే చెప్పకు. ఊహూ, ఏడవట్లేదు, కాఫీ వేడిగా ఉంది, అంతే." ఆమె చేతిలో కప్పు ఖాళీగా ఉంది. మాస్టారు గొంతు సవరించుకోబోయి, మానేసి, కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు.

*

మర్నాడు చిరుతకి మళ్లీ అదే పాఠం, ఇంకాస్త పక్కగాలి కలిపి. నిమ్మళం తోడు సీట్లో ఉంది. విమానం పరుగందుకుంది. మాస్టారి ఎడమచెయ్యి తెర వైపు వెళ్తూ వెళ్తూ మోచేత్తో పెన్నుని తోసింది. అది దొర్లుకుంటూ ముందు సీట్ల కిందకి పోయింది. పెన్ను మాస్టారికి ప్రాణం. ప్రాణం పోయాక ఇంజిన్ ఎవడికి కావాలి? వంగారు.

వంగిన ఆయనకి చిరుత బూటు కనిపించింది. పక్కనుంచి నిమ్మళం వేగం దాటిందని చెప్పింది. ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే ఆ బూటు పెడల్‌ని బలంగా నేలకి తొక్కింది.

"ఇంజిన్ పోయింది!" అని అరిచాడు చిరుత.

ఇంజిన్ పోలేదు. మాస్టారి వేలింకా నేల మీద పెన్ను కోసం తడుముతూనే ఉంది. రెండు ఇంజిన్లూ నిక్షేపంగా గర్జిస్తుండగా విమానం కుడికి తిరిగి, రన్‌వే దిగి, గడ్డిలోకి దూసుకెళ్లి, గడగడ వణికి, తెర ఎర్రగా అయిపోయి ఆగింది.

మాస్టారు పెన్ను తీసుకుని లేచి, తలకి తగిలిన చోట రుద్దుకున్నారు.

"ఇంజిన్ పోయిందన్నావ్."

"అవును సార్."

"ఏది?"

"ఎడమది సార్."

"ఇప్పుడెలా ఉంది దాని ఆరోగ్యం?"

చిరుత ఇంజిన్ మీటర్ల ముళ్ల వంక చూశాడు. "బాగానే ఉంది సార్."

"కుడిది?"

"అదీ బాగానే ఉంది సార్."

"మరి బాగాలేనిది ఎవరికి నాన్నా?"

చిరుత చెవులు ఎర్రబడ్డాయి. బెల్టు విప్పాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "మా ముందు బ్యాచ్ వాళ్లు చెప్పారు సార్. వాళ్లకి వాళ్ల ముందువాళ్లు చెప్పారట. మీరెప్పుడూ ఎడమదే ఆపుతారని, సరిగ్గా ఆ వేగం దగ్గరే ఆపుతారని. వేగం దాటిందన్న మాట వినపడగానే కుడికాలు వెయ్యి, మిగతాది దేవుడు చూసుకుంటాడని. మీ పేరు కూడా..."

"నా పేరు?"

"ఎడమ మాస్టారని... అందుకే సార్."

"నేను ఎడమ చేత్తో రాస్తానని కాదూ?"

"ఒకరకంగా అదీ కారణమే సార్. తెర మీద ఆ చేతికి దగ్గరగా ఉండేది ఎడమ ఇంజిన్ గడే కదా."

మాస్టారు తన ఎడమ చెయ్యిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ఎందర్ని పాస్ చేసిందో ఆ చెయ్యి. "అందరికీ తెలుసా ఇది?"

"అందరికీ తెలుసు సార్. మీకు తప్ప."

జోకు వెయ్యాల్సిన చోటే. వెయ్యకుండా నిమ్మళం వైపు తిరిగారు. "నీకు చెప్పలేదా అమ్మా వీళ్లు?"

"చెప్పారు సార్. మొదటి రోజే."

"మరి?"

ఆమె పెడల్స్ మీదనుంచి కాళ్లు తీసి నేల మీద పెట్టుకుంది. "నిజం విమానంలో వెనకాల మీరు కూర్చోరు కదా సార్."

మెకానిక్ బయటినుంచి తలుపు తట్టి, ఏమైనా విరిగిందా అని అడిగాడు. ఏం విరగలేదని మాస్టారే చెప్పారు, అంత గట్టిగా కాదు.

"ఇతను ముందే తొక్కుతున్నాడని నీకు తెలిసేదా?"

"రెండు పక్కలా పెడల్స్ కలిసే కదులుతాయి కదా సార్. ఇతను తొక్కినప్పుడల్లా నా అరికాలికి తెలిసేది."

"నాకు చెప్పాల్సింది."

"నిదానం అని రాసింది నన్ను సార్. నేను చెప్తే సాకులా ఉండేది. చాడీలా కూడా ఉండేది."

చిరుత కిటికీలో గడ్డి వంకే చూస్తున్నాడు. "సారీ," అన్నాడు, ఎవరితోనన్నది తేలకుండా.

"నువ్వు చూడాల్సింది చూడలేదు, తొక్కకూడనిది తొక్కావు," అన్నారు మాస్టారు వాడితో. తర్వాత నిమ్మళంతో, "నేనైతే నిన్నే తొక్కేశాను తల్లీ."

*

శిక్షణ విభాగానికి అధికారి ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. ఇప్పటికీ ఎదురుపడితే కుర్చీలోంచి సగం లేస్తాడు. మాస్టారు చెప్పిందంతా విన్నాడు.

"రాసింది చెరిపే వీలు లేదు సార్. ఇవాళ మీ మాట మీద ఇది చెరిపితే, రేపు ఇంకెవరి మాట మీదో ఇంకోటి చెరపమంటారు. ఎల్లుండి మూడోది ఉందిగా, అది బాగా చేస్తే చాలు. కావాలంటే ఆ పరీక్ష నేనే పెడతాను."

"నువ్వెందుకు? నీకు నేర్పింది ఎవరు?"

"మీరే సార్."

"అయితే నీ వేలు కూడా నా వేలే."

శిష్యుడు నవ్వాడు. అర్థమై నవ్వలేదు, మాస్టారు ఏదన్నా నవ్వడం అలవాటు. "రేపు మీ పరీక్ష కూడా ఉంది సార్, గుర్తుందా? పక్క సీటుకి రావాల్సినాయన సెలవు పెట్టాడు. మీ పిల్లల్లో ఎవర్నైనా తెచ్చుకోండి."

అవును, నేర్పేవాళ్లకీ పరీక్ష ఉంటుంది. ఏటా వచ్చే పరీక్షే. మాస్టారు దాన్ని క్షవరంలాగా చూసేవారు. వెళ్లడం, కూర్చోవడం, తల తేలికపడి రావడం.

సాయంత్రం ఇంట్లో భార్య బల్ల మీద కూరగాయలు తరుగుతుంటే మాస్టారు ఎదురుగా కూర్చుని, బల్ల కింద రెండు చెప్పులు తిరగేసి వాటి మీద పాదాలు పెట్టుకున్నారు.

"ఏమే, నీకు తోచినప్పుడల్లా ఎడమ అనో కుడి అనో అంటూ ఉండు."

"పెళ్లైనప్పట్నుంచీ అంటూనే ఉన్నాను, విన్నదెప్పుడు?"

"ఇవాళ వింటాను. అను."

"కుడి."

మాస్టారి ఎడమకాలు కదలాలి. కుడికాలు చెప్పుని టప్పున కొట్టింది.

"కుడి అన్నాను మహానుభావా."

"తెలుసు. కుడి పోతే ఎడమ తొక్కాలి."

"మరి మీరు తొక్కింది?"

"...ఇంకోసారి అను."

ఆమె ఎడమ అంది, కుడి అంది, మళ్లీ కుడి అంది. కుడి అన్నప్పుడల్లా ఆయన కాలు ముందు తప్పుదారి పట్టి, తర్వాత సిగ్గుపడి వెనక్కి వచ్చింది. ఉన్నట్టుండి ఆమె మాటలాపేసి ముక్కలు తరగడంలో పడిపోయింది. కత్తి చప్పుడు తప్ప ఇంకేం లేదు. బల్ల కింద టప్పుమంది.

ఆమె తలెత్తింది. "నేనేం అనలేదుగా!"

మాస్టారు బల్ల కిందకి వంగి తన కాలి వంక చూశారు. పెళ్లాం కూడా కత్తి పక్కన పెట్టి వంగి చూసింది. ఇద్దరి తలలూ బల్ల కింద కలుసుకున్నాయి.

"ఏమైందండీ దానికి?"

"అలవాటైంది," అన్నారు మాస్టారు.

*

పరీక్ష రోజు మాస్టారు ఎడమ పక్క కెప్టెన్ సీట్లో కూర్చున్నారు. కుడి పక్క నిమ్మళం. ఆమెనే తెచ్చుకుంటానని మాస్టారు ఎందుకన్నారో ఆయనకే సరిగ్గా తెలియదు. వెనక మాస్టారి కుర్చీలో శిష్యుడు కూర్చున్నాడు.

"రెడీనా సార్? మీకు ఇవన్నీ చెప్పక్కర్లేదు గానీ..."

"చెప్పు, అందరికీ చెప్పినట్టే చెప్పు."

విమానం పరుగెత్తింది. నిమ్మళం గొంతు తొణక్కుండా వేగం చదివింది. ఆగే వేగం దాటిందన్న మాట ఆమె నోట్లోంచి వచ్చింది. మాస్టారి మనసు 'చూడు, చూడు' అంటూనే ఉంది. కుడికాలు ఆ మాట వినిపించుకోలేదు. దిగింది. దిగిన మరుక్షణం ఎడమ ఇంజిన్ ఆగింది. శిష్యుడి వేలు గురువుగారి వేలే మరి. మధ్యగీత వెంట్రుకవాసి కదల్లేదు. విమానం మహారాజులా లేచింది.

"అబ్బ! సార్, ఈ వయసులో కూడా ఏం కాలు సార్ అది! కుర్రాళ్లకి చూపించాలి," అన్నాడు శిష్యుడు. రాసేస్తున్నాడు కూడా.

మాస్టారు పక్కకి చూశారు. నిమ్మళం ముందుకే చూస్తోంది. ఆమె బూట్లు పెడల్స్‌కి ఆనీ ఆననట్టు ఉన్నాయి. ఆ అరికాలికి అంతా తెలుసు. ఆమె ఆయన వంక చూడకపోవడమే చూడటం కన్నా ఎక్కువగా తగిలింది.

ఊరుకుంటే సరిపోయేది. క్షవరం బాగానే అయింది. ఇంటికెళ్లి స్నానం చెయ్యొచ్చు.

"రాయకు," అన్నారు మాస్టారు.

"సార్?"

"మళ్లీ పెట్టు. ఎప్పుడాపుతావో, ఏది ఆపుతావో నాకు చెప్పకు. నీ చేతికి కూడా చెప్పకు. కుడిచెయ్యి జేబులో పెట్టుకో, ఎడమచెయ్యి నెత్తిన పెట్టుకో, నీ ఇష్టం. నా దగ్గర నేర్చుకున్నట్టు మాత్రం చెయ్యకు."

"పాసయ్యారు సార్ మీరు."

"నా కాలు పాసైంది. నేనింకా కూర్చునే ఉన్నాను."

శిష్యుడు రాయడం ఆపి యంత్రాన్ని మళ్లీ రన్‌వే మొదట్లో పెట్టాడు. మాస్టారు రెండు పాదాలూ మడమల మీద నిలబెట్టి, పసిపిల్లల్ని పట్టుకున్నట్టు బిగబట్టుకున్నారు. వేగం దాటింది. ఏమీ కాలేదు. కుడికాలు గిలగిల్లాడింది, మాస్టారు ఆపారు. ముక్కు లేస్తోంది. అప్పుడు పోయింది కుడి ఇంజిన్. ముక్కు కుడికి లాగింది. ఎడమకాలు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది మాస్టారికి. దొరికింది. తొక్కారు. ఎక్కువైంది, తగ్గించారు. రెక్క వాలింది, లేపారు. వంకరటింకరగా, రొప్పుతూ, ఏ కుర్రాడికీ చూపించకూడనంత వికారంగా విమానం లేచి నిలదొక్కుకుంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"గీత నుంచి జరిగారు సార్," అన్నాడు శిష్యుడు బాగా నెమ్మదిగా.

"జరిగాను. రాయి."

"ఏమని రాయను?"

"అందరికీ ఏం రాస్తామో అదే."

శిష్యుడు రాశాడు. నిదానం. సరిగ్గా ఆ మాటే. మాస్టారి పేరు పక్కన ఆ మాట పడటం అదే మొదలు. నిమ్మళం బెల్టు విప్పుకుంటూ, ముందుకే చూస్తూ అంది.

"రెండోది బాగా తొక్కారు సార్."

*

మర్నాడు ఆమె వంతు. చిరుత తోడు సీట్లో ఉన్నాడు. ఆ పూట వాడు అందరికన్నా ముందొచ్చి, నిమ్మళం కుర్చీ దూరం సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసి, తిట్టించుకున్నాడు.

"నా కుర్చీ నేను సర్దుకోగలను."

"తెలుసు. నేను సర్దుకోలేకపోతున్నాను."

శిష్యుడు కూడా వచ్చి, ఎవరికీ అడ్డం రాకుండా తలుపు పక్కన నిలబడ్డాడు. మాస్టారు తన కుర్చీలో కూర్చుని, పెన్నుని జేబులో గుచ్చి, ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని, కుడిచేతిని తెర దగ్గరకి చాపారు. కొత్త చెయ్యి. దానికి ఏ గడి ఎక్కడుందో తెలియదు, చూసి వెతుక్కోవాలి.

"అమ్మాయ్, ఇవాళ ఏ పక్కో నాకే తెలియదు."

"సరే సార్."

విమానం కదిలింది. చిరుత వేగం చదివాడు. దాటింది. కుడి ఇంజిన్ ఆగింది.

ముక్కు కుడికి తిరిగింది. ఒక్క ఊపిరి. అదే ఊపిరి, రెండుసార్లు ఆమెకి 'నిదానం' అని రాయించిన ఊపిరే. మాస్టారు ఆ ఊపిరిని ఇన్నాళ్లూ ఖాళీ అనుకున్నారు. ఇవాళ ముందుకి వంగి చూస్తే అందులో పని నిండి ఉంది. ఆమె కళ్లు రన్‌వే చివరికి వెళ్లాయి, ముక్కు ఎటు పోతోందో పట్టుకున్నాయి, ఎడమకాలికి కబురు చేరింది. అప్పుడు దిగింది ఎడమకాలు. ఎంత కావాలో అంతే. గీత కాస్త జరిగి ఆగింది. విమానం లేచింది. చిరుత ఆగిన ఇంజిన్‌ని పూర్తిగా కట్టేసే మీట మీద చెయ్యి వేసి, ఇదేనా అని అడిగాడు. ఆమె వాడి చెయ్యి వంక తిరిగి, చూసి, అప్పుడు అవునంది.

తలుపు పక్కన గోడకి ఆనుకున్న శిష్యుడి వీపు నిటారుగా అయింది. మాస్టారు రాసుకున్నారు. నిదానం అని కాదు. 'చూసి తొక్కింది' అని. అలాంటి మాట ఆ గడిలో ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

"ఇలా రాయొచ్చా సార్?" అని దగ్గరకొచ్చి చెవిలో అడిగాడు శిష్యుడు.

"రాశాను. నువ్వు సంతకం పెట్టు."

శిష్యుడు ఒకసారి నిమ్మళం వీపు వంక, ఒకసారి గురువుగారి తొడ కింద నలుగుతున్న ఎడమచేతి వంక చూసి, పెట్టాడు.

"అమ్మాయ్, పాస్," అన్నారు మాస్టారు.

నిమ్మళం వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం ఒకసారి పైకి లేచి దిగాయి. చిరుత ఆమె బదులు చప్పట్లు కొట్టబోయి, అది విమానమని గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"మీ అక్కకి ఫోన్ చేసుకో పో. ఈసారి కాఫీ పోసుకుని మరీ మాట్లాడు."

అప్పుడు తిరిగింది ఆమె, నవ్వు దాచుకోకుండా. "టైమింకా ఉంది కదా సార్. ఇంకోటి పెట్టండి."

"పాసయ్యాక కూడానా?"

"మీరు పెట్టించుకున్నారుగా."

మాస్టారు యంత్రాన్ని రన్‌వే మొదట్లో పెట్టారు. ఈసారి కుడిచెయ్యి కూడా వెనక్కి తీసుకుని రెండో తొడ కింద పెట్టుకున్నారు. విమానం పరుగెత్తింది. చిరుత వేగం చదివాడు. దాటింది. ముందు సీట్లో నిమ్మళం పాదాలు పెడల్స్ మీద సమంగా, కదలకుండా ఉన్నాయి. చిరుత పాదాలు నేలని అంటిపెట్టుకున్నాయి. తన కుర్చీ కింద, చిరిగిన కార్పెట్ మీద, మాస్టారి కుడికాలి మడమ లేచింది. లేచి గాల్లో ఆగింది.

రెండు ఇంజిన్లూ హాయిగా మోగుతున్నాయి. నేల కిందకి జారిపోయింది, కిటికీ నిండా నీలం వచ్చింది.

"సార్, ఏదీ పోలేదు," అంది నిమ్మళం.

"చూస్తున్నానమ్మా," అన్నారు మాస్టారు. మడమని మెల్లగా, చప్పుడు కాకుండా, చిరుగు పక్కనున్న కొత్త కార్పెట్ మీద దించుకున్నారు.